జాజ్ జామ్‌లో మొదటిసారి వాయించబోయేవాళ్ళకి

ఇంట్లో మూడు నాలుగేళ్ళుగా గిటారో పియానోనో శాక్సఫోనో సాధన చేస్తూ, న్యూయార్క్ క్లబ్బుల్లో జామ్‌లు (రిహార్సల్ లేకుండా ఎవరైనా పేరిచ్చి స్టేజి ఎక్కి కలిసి వాయించే రాత్రులు) జరుగుతాయని తెలిసి, రెండు మూడుసార్లు వెళ్ళి వెనక కుర్చీలో కూర్చుని విని, వాద్యం పెట్టె తెరవకుండానే తిరిగొచ్చేసిన తెలుగువాళ్ళు నాకు అరడజను మంది తెలుసు. ఇది వాళ్ళ కోసం. ఇంకో ఊళ్ళో ఉన్నా ఇందులో చాలావరకు పనికొస్తుంది, కానీ నాకు తెలిసింది న్యూయార్క్ కాబట్టి అక్కడి సంగతులే చెప్తాను.

నేను టెనర్ శాక్సఫోన్ వాయిస్తాను. మా నాన్న తెనాలిలో పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు, గాలి పట్టడం, వేళ్ళు పెట్టడం నాకు ఆయన దగ్గరే వచ్చింది. న్యూజెర్సీ వచ్చాక ఉద్యోగం చేసుకుంటూ జాజ్ నేర్చుకున్నాను. వేళ్ళు వేగంగా కదలడం మీద నాలుగేళ్ళు పెట్టాను, పాటలో ఇప్పుడు ఎక్కడున్నానో తెలుసుకోవడం మీద నాలుగు రోజులు కూడా పెట్టలేదు. అసలు పని ఆ రెండోదే.

మొదటి జామ్‌లో ఏం జరిగిందో చెప్తాను. ఆ క్లబ్బు పేరు అనవసరం. ఆ రాత్రి తీసుకున్న పాట 32 బార్లది (బార్ అంటే నాలుగు బీట్ల కొలత), ఏఏబీఏ (AABA) రూపం, అంటే 8 బార్ల ఏ భాగం రెండుసార్లు, తర్వాత 8 బార్ల బీ (దీన్నే బ్రిడ్జ్ అంటారు), మళ్ళీ ఒక ఏ. ఇదంతా కలిపి ఒక కోరస్. సోలో అంటే ఈ కోరస్ మీద మళ్ళీ మళ్ళీ తిరుగుతూ మనసులో వచ్చింది వాయించడం. నా మొదటి కోరస్ బాగానే వెళ్ళింది. రెండో కోరస్‌లో లెక్క పోయింది. ఎందుకు పోతుందో జాగ్రత్తగా చూడండి: ఒక కోరస్ చివరి ఏ, తర్వాతి కోరస్ మొదటి రెండు ఏలు కలిపి వరసగా మూడు ఏలు వస్తాయి, మూడూ ఒకేలా వినిపిస్తాయి, ఎన్నో దాంట్లో ఉన్నామో అక్కడే పట్టు జారుతుంది. నేను బ్రిడ్జ్ వాయిస్తున్నాను, వెనక పియానో, బేస్, డ్రమ్స్ ముగ్గురూ ఇంకా ఏలోనే ఉన్నారు. తప్పని చెవికి తెలుస్తూనే ఉంది. ఆగితే తప్పు బయటపడుతుందని ఆగకుండా ఊదుతూనే ఉన్నాను.

అప్పుడు బేస్ వాయిస్తున్న పెద్దాయన నా వైపు వంగి, నిజంగా బ్రిడ్జ్ వచ్చిన చోట "బ్రిడ్జ్!" అని గట్టిగా అన్నాడు. మళ్ళీ కోరస్ మొదటికి రాగానే "టాప్!" అన్నాడు. దాంతో దారిలో పడ్డాను. దిగాక ఆయన నన్ను తిట్టలేదు, సలహా కూడా చెప్పలేదు, ఆ పాట మెలొడీ ఒకసారి పాడి వినిపించమన్నాడు. బ్రిడ్జ్ మొదటి రెండు బార్ల దాకా పాడగలిగాను, అక్కడి నుంచి నాకు రాదు. పాటే పూర్తిగా రానివాడిని, దాని మీద మూడు కోరస్‌లు ఊదాను.

కాబట్టి మొదటి పని పాట నేర్చుకోవడం. కాగితం మీద కాదు, నోటితో. ఎవరైనా గాయకులు పాడిన రికార్డింగ్ తీసుకోండి, ఎల్లా ఫిట్జెరాల్డ్, నాట్ కింగ్ కోల్ లాంటివాళ్ళు అయితే మెలొడీని మరీ వంచకుండా స్పష్టంగా పాడతారు. వంట చేస్తూ, కారులో వెళ్తూ, మొదటి నుంచి చివరి దాకా తడుముకోకుండా పాడగలిగే వరకు వాద్యం ముట్టుకోవద్దు. తర్వాత అదే రికార్డింగ్‌లో బేస్ ఒక్కటే వినండి, ఒక్కో బార్ మొదట్లో అది ఏ స్వరం మీద దిగుతోందో గొంతుతో పట్టుకోండి. మెలొడీ, బేస్ రెండూ గొంతులోకి వచ్చాయంటే కార్డ్స్ (మెలొడీ వెనక కలిపి మోగించే స్వరాల గుంపులు) పేర్లు గుర్తుపెట్టుకోవడం చాలా తేలికైపోతుంది. కార్డ్స్ చూపిస్తూ వెనక బ్యాండులా మోగే ఐరియల్ ప్రో లాంటి యాప్‌లు ఇంట్లో సాధనకు మంచివే, నేనూ వాడతాను, కానీ స్టేజి మీద ఫోన్ చూస్తూ వాయించేవాళ్ళ కళ్ళు పక్కవాళ్ళ మీద ఉండవు. జామ్‌లో సగం మాటలు కళ్ళతోనే జరుగుతాయి.

ఇక లెక్క. ఇక్కడ మనకి చిన్నప్పటి నుంచీ ఉన్న ఆస్తి ఒకటి ఉంది, దాన్ని ఎందుకు వాడుకోమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆది తాళం వేయడం వచ్చు కదా? లఘువులో ఒక దెబ్బ, మూడు వేళ్ళు, తర్వాత రెండు ద్రుతాలు, మొత్తం 8 అక్షరాలు. ఒక్కో అక్షరానికి ఒక్కో బార్ చొప్పున వేయండి. ఒక ఆవర్తనం పూర్తయ్యేసరికి 8 బార్లు, అంటే సరిగ్గా ఒక భాగం. నాలుగు ఆవర్తనాలు ఒక కోరస్. రికార్డింగ్ పెట్టుకుని ఇలా తాళం వేస్తూ సోలోలు వింటూ కూర్చుంటే, మూడో ఆవర్తనం మొదటి దెబ్బ మీద కార్డ్స్ మారడం, అంటే బ్రిడ్జ్ రావడం, ఒంటికి తెలిసిపోతుంది. నేను రోజుకి ఇరవై నిమిషాల చొప్పున రెండు నెలలు ఇదొక్కటే చేశాను. బ్లూస్ 12 బార్లు కాబట్టి దానికి ఆది తాళం కుదరదు, నాలుగు బార్ల లఘువు మూడుసార్లు వేసుకోండి. బ్లూస్ సాహిత్యం కూడా మూడు వరసలే: మొదటి వరస, అదే వరస మళ్ళీ, తర్వాత దానికి జవాబు.

కచేరీలో అయితే ముందు వరసలో రసికులు తాళం వేస్తూ ఉంటారు, మృదంగం ఉంటుంది, గాయకుడి చెయ్యే తొడ మీద ఉంటుంది. జాజ్‌లో ఎవరూ బయటికి లెక్క పెట్టరు. అందరి లోపలా అదే ఆవర్తనం తిరుగుతూ ఉంటుందని నమ్మి వాయిస్తారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టడమే మీ మొదటి బాధ్యత, గొప్పగా వాయించడం తర్వాత సంగతి.

ఇంకో తేడా దెబ్బ ఎక్కడ పడుతుందన్నది. మనం చప్పట్లు ఒకటి, మూడు మీద కొడతాం, జాజ్‌లో రెండు, నాలుగు మీద. ఇది అలవాటు కావాలంటే పాట వేగం 120 అయితే మెట్రోనోమ్ 60కి పెట్టి, ఆ టిక్కుల్ని రెండు, నాలుగుగా వినాలి. మొదటి వారం చాలా ఇబ్బందిగా ఉంటుంది, టిక్కు మళ్ళీ మళ్ళీ ఒకటి మీదకి జారిపోతుంది. పట్టు వదలకండి.

ఏ పాటలు నేర్చుకోవాలి

పది చాలు, కానీ నిజంగా రావాలి. ఎఫ్ కీలో (అంటే ఎఫ్‌ని షడ్జంగా పెట్టుకుని) ఒక బ్లూస్, బీఫ్లాట్‌లో ఒక బ్లూస్. రిథమ్ చేంజెస్ తప్పనిసరి: జార్జ్ గెర్ష్విన్ 1930లో కట్టిన "ఐ గాట్ రిథమ్" కార్డ్స్ మీద తర్వాతి తరాలవాళ్ళు ఎన్ని కొత్త మెలొడీలు అల్లారో లెక్కలేదు, జామ్‌లో ఎవరో ఒకరు అందులో ఒకటి అడిగి తీరతారు. బీఫ్లాట్‌లో ఉంటుంది, బ్రిడ్జ్‌లో డీ7, జీ7, సీ7, ఎఫ్7 ఒక్కోటి రెండేసి బార్లు. తర్వాత "ఆటమ్ లీవ్స్", జామ్‌లలో ఎక్కువగా జీ మైనర్‌లో తీసుకుంటారు, 32 బార్లే కానీ ఏఏబీఏ కాదు, రెండో సగం వేరేగా నడుస్తుంది, అది చూసుకోండి. ఒక బోసా (బ్రెజిల్ నడక పాట), ఒక నెమ్మది బాలడ్, రెండు మూడు మధ్యమ వేగం పాటలు.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి మంచి ద్వారం మైల్స్ డేవిస్ బృందం 1959లో రికార్డు చేసిన "సో వాట్". ఇందులో ఏ (A) భాగాలన్నీ డీ డోరియన్, మన భాషలో చెప్పాలంటే డీని షడ్జంగా పెట్టుకున్న ఖరహరప్రియ స్వరాలు. 16 బార్లు అలా ఉండి, బ్రిడ్జ్ 8 బార్లకి షడ్జమే అర స్వరం పైకి, ఈఫ్లాట్‌కి జరుగుతుంది, మళ్ళీ చివరి 8 బార్లకి కిందికి వస్తుంది. స్వరాలు మీకు తెలిసినవే, కానీ శ్రుతి కదలడం మన చెవికి కొత్త. తంబురా మీద పెరిగిన చెవికి జాజ్‌లో అసలు కష్టం అదే అని నా అభిప్రాయం. మిగతా పాటల్లో అది 8 బార్లకోసారి కాదు, బార్ బార్‌కీ జరుగుతూ ఉంటుంది. ఒక జాగ్రత్త: ఖరహరప్రియ స్వరాలు వచ్చు కదా అని రాగం గమకాలన్నీ తెచ్చి అక్కడ పోస్తే వెనకవాళ్ళు ఎక్కడ పట్టుకోవాలో తెలియక నిలబడిపోతారు. గమకం మీ గొంతు, దాన్ని దాచుకోవద్దు, కానీ స్వింగ్ నడకలో కూర్చోబెట్టి వాడండి.

శాక్సఫోన్, ట్రంపెట్ వాళ్ళకి ఇంకో పని. పియానో అతను బీఫ్లాట్ అంటే టెనర్‌లో మీరు వేయాల్సింది సీ, ఆల్టో అయితే జీ. పియానో ఎఫ్ అంటే టెనర్‌కి జీ, ఆల్టోకి డీ. ఆలోచించుకుని చెప్పేంత టైమ్ ఉండదు, ఇంట్లోనే వచ్చేయాలి. అలాగే ప్రతి పాటనీ కనీసం ఇంకో కీలో కూడా నేర్చుకోండి, గాయకులు వస్తే వాళ్ళ గొంతుకి తగిన కీలోనే పాడతారు. 1940ల మొదట్లో హార్లెంలో మింటన్స్ ప్లేహౌస్ జామ్‌లలో థెలోనియస్ మంక్, కెనీ క్లార్క్ లాంటివాళ్ళు సిద్ధంగా లేనివాళ్ళని స్టేజి మీద నిలవనీయకుండా కష్టమైన కీలు, విపరీతమైన వేగాలు తీసుకునేవాళ్ళని చరిత్రలో రాశారు. ఇప్పుడు అంత కఠినంగా ఎవరూ ఉండరు. కొత్తవాళ్ళని చూస్తే చాలామంది సాయమే చేస్తారు, నాకు ఆ బేస్ పెద్దాయన చేసినట్టు.

ఆ రాత్రి

మొదటిసారి వాద్యం లేకుండా వెళ్ళి వినండి, కానీ ఒక్కసారే. గ్రీనిచ్ విలేజ్‌లో స్మాల్స్ అని ఒక నేలమాళిగ క్లబ్బు ఉంది, 1994లో మొదలైంది, అర్ధరాత్రి జామ్‌లకి దానికి పేరు. అక్కడ వాయించేవాళ్ళ స్థాయి ఎక్కువ, మొదటి జామ్ అక్కడ వద్దు, వినడానికి మాత్రం తప్పక వెళ్ళండి. న్యూజెర్సీ వాళ్ళకి పాత్ రైలు క్రిస్టఫర్ స్ట్రీట్ స్టేషన్ నడిచే దూరంలోనే ఉంది, పాత్ రాత్రంతా నడుస్తుంది కాబట్టి తిరిగి రావడం గురించి టెన్షన్ అక్కర్లేదు. మీ మొదటి జామ్‌కి బ్రూక్లిన్‌లోనో జెర్సీలోనో వారం మధ్యలో సాయంత్రం పూట జరిగే చిన్నది చూసుకోండి. వేళలు మారుతుంటాయి, వెళ్ళే రోజే క్లబ్బు క్యాలెండర్ చూడండి.

ఒక అరగంట ముందే వెళ్ళండి. తలుపు దగ్గరో బార్ మీదో పేర్లు రాసే కాగితం ఉంటుంది, లేకపోతే హోస్ట్‌ని అడగండి, పేరు, వాద్యం చెప్పి "నాకిది మొదటిసారి" అని దాచకుండా చెప్పండి. హోస్ట్‌కి ఆ మాట చాలా ఉపయోగం, మిమ్మల్ని ఎవరితో కలిపి పిలవాలో దాన్నిబట్టి చూసుకుంటాడు. ఏదో ఒకటి తాగండి, సోడా అయినా సరే, క్లబ్బు బతికేది దాంతోనే, బార్‌లో ఉన్న మనిషికి టిప్ ఇవ్వండి. హౌస్ బ్యాండ్ (ఆ రాత్రికి క్లబ్బు పెట్టుకున్న బ్యాండు) మొదటి సెట్ పూర్తిగా వినండి, వాళ్ళు వాయించిన పాటనే మీరు మళ్ళీ అడిగితే బాగుండదు.

చలికాలంలో బయటి నుంచి తెచ్చిన శాక్సఫోన్ చల్లగా ఉండి శ్రుతి కిందికి ఉంటుంది. పిలవగానే పెట్టె తీసి ఎక్కితే పియానోతో కలవదు. ఒక మూల నిలబడి, ఊదకుండా, వెచ్చటి గాలి మాత్రం లోపలికి పంపుతూ ఉండండి, స్టేజి మీద వాళ్ళు మాట్లాడుకుంటున్నప్పుడు పియానో మీద ఏ (A) స్వరం వేయమని అడిగి శ్రుతి చూసుకోండి. రీడ్లు (ఊదే చోట కంపించే పుల్లలు) కనీసం మూడు తీసుకెళ్ళండి, కొత్తది ఆ రోజే తెరవద్దు.

స్టేజి మీద పాట ఏదని అడుగుతారు. మీకు బాగా వచ్చిన వాటిలో తేలికైనదే చెప్పండి, గొప్ప కోసం కష్టమైనది చెప్పొద్దు. కీ చేతి వేళ్ళతో చూపిస్తారు: వేళ్ళు కిందికి ఉంటే ఫ్లాట్లు, పైకి ఉంటే షార్ప్‌లు. ఒక వేలు కిందికి ఎఫ్, రెండు కిందికి బీఫ్లాట్, మూడు కిందికి ఈఫ్లాట్. సోలోలు నడుస్తుండగా ఎవరైనా తల మీద తట్టి చూపిస్తే మెలొడీకి, అంటే హెడ్‌కి, తిరిగి వెళ్దామని. నాలుగు వేళ్ళు చూపిస్తే డ్రమ్మర్‌తో నాలుగేసి బార్లు పంచుకోవడం, మీరు నాలుగు, ఆయన నాలుగు. తని ఆవర్తనంలో మృదంగం, ఘటం వంతులు వేసుకున్నట్టే. డ్రమ్మర్ వాయిస్తున్న నాలుగు బార్లలోనే చాలామంది లెక్క తప్పుతారు, ఆయన దరువు వింటూ లోపల మెలొడీ పాడుకోండి. అందుకే మెలొడీ నోటికి రావాలని అంత గట్టిగా చెప్పాను.

సోలో ఎంతసేపు? లెక్క వేసి చూపిస్తాను. వేగం 160 అయితే 32 బార్ల కోరస్ 128 బీట్లు, అంటే 48 సెకన్లు. స్టేజి మీద ఆరుగురు సోలో వేసేవాళ్ళుండి తలా మూడు కోరస్‌లు తీసుకుంటే సోలోలకే పద్నాలుగు నిమిషాలు దాటుతుంది, కాగితంలో ఇంకా పన్నెండు పేర్లున్నాయి, అందులో సగం మంది రేపు పొద్దున్న పనికి వెళ్ళాల్సినవాళ్ళు. మొదటిసారి రెండు కోరస్‌లు, బాలడ్ అయితే ఒకటి, లేదా సగం కోరస్. బాగా వస్తున్నప్పుడు ఆపడం చాలా కష్టం, నాకు తెలుసు, అయినా ఆపండి. చివరి ఏలోకి రాగానే తర్వాత వాయించబోయే మనిషి వైపు చూడండి, ఆ చూపే అప్పగింత.

వేరేవాళ్ళు సోలో వేస్తున్నప్పుడు మీ వాద్యం దించి, పక్కకి జరిగి, వినండి. వేళ్ళు ఆడిస్తూ ఉండొద్దు, చిన్నగా ఊదొద్దు. గిటారు, పియానో రెండూ ఉంటే ఇద్దరూ ఒకేసారి కార్డ్స్ వేయకండి, ఒకరు వేస్తే ఇంకొకరు చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి, గుద్దుకుంటే సోలో వేసేవాళ్ళకి నరకం. వినడం ఎలా ఉంటుందో చూడాలంటే మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌గారు జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో రిమెంబర్ శక్తి కచేరీల్లో ఉన్న వీడియోలు చూడండి. ఆయన వాయిస్తున్నప్పుడు కాదు, మిగతావాళ్ళు వాయిస్తున్నప్పుడు ఆయన ముఖం చూడండి.

దారి తప్పారా? ఆపేయండి. నేను ఆ రాత్రి చేయనిది ఇదే. రెండు బార్ల మౌనం ఎవరికీ తప్పుగా వినిపించదు, ఊపిరి తీసుకున్నట్టే ఉంటుంది. ఆ మౌనంలో మూడు చోట్ల చెవి పెట్టండి. డ్రమ్మర్ ఎనిమిదో బార్ చివర చిన్న దరువు వేస్తాడు, అక్కడ ఒక భాగం అయిందని గుర్తు. బేస్ కోరస్ మొదట్లో సాధారణంగా గట్టిగా మూల స్వరం మీద దిగుతుంది. పియానో కార్డ్స్ ఉన్నట్టుండి కొత్త వీధిలోకి తిరిగినట్టు అనిపిస్తే అది బ్రిడ్జ్. ఏది ముందు దొరికితే అక్కడ అందుకోండి, మెలొడీలో ఆ చోట ఉన్న రెండు మూడు స్వరాలతోనే మొదలుపెట్టండి. మిగతావాళ్ళకి మీరు తిరిగి దొరికారని వెంటనే తెలుస్తుంది, వాళ్ళ వాయింపులో కూడా ఊపు వస్తుంది.

పాట ముగింపు గురించి చిన్న మాట. చాలాసార్లు చివరి నాలుగు బార్లు మూడుసార్లు తిప్పి ఆపుతారు, దీన్ని ట్యాగ్ అంటారు. ఎవరి పాట అయితే వాళ్ళ చెయ్యి చూడండి.

పరువు పోతుందని భయపడేవాళ్ళకి ఒక సంగతి. 1930ల మధ్యలో కాన్సాస్ సిటీ రెనో క్లబ్బులో తర్వాత జాజ్‌లో మహా శాక్సఫోన్ విద్వాంసుడైన చార్లీ పార్కర్ ఇంకా కుర్రవాడిగా ఉన్నప్పుడు జామ్‌లో దారి తప్పితే, డ్రమ్మర్ జో జోన్స్ సింబల్ తీసి అతని కాళ్ళ దగ్గర నేల మీద పడేశాడు. అంతకన్నా పెద్ద అవమానం మీకు జరగదు. పార్కర్ తర్వాత 1937 వేసవిలో ఓజార్క్ కొండల్లో ఒక బ్యాండుతో ఉద్యోగానికి వెళ్ళి, శాక్సఫోన్ వాయించే లెస్టర్ యంగ్ సోలోలు రికార్డుల నుంచి అక్షరం పొల్లుపోకుండా నేర్చుకుని తిరిగొచ్చాడు. ఈ కథని పట్టుదల గురించి చెప్తారు, నాకైతే అందులో ముఖ్యం ఆ రెండో సగం: అతను సొంతంగా ఏదో కనిపెట్టడానికి వెళ్ళలేదు, ఒకే మనిషిని క్షుణ్ణంగా వినడానికి కూర్చున్నాడు. మీరూ ఎవరో ఒకరిది ఒక్క కోరస్ తీసుకుని, ముందు పాడి, తర్వాత వాయించి, ఆ మనిషి ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో కూడా పట్టుకోండి.

ఇంట్లో సాధన అపార్ట్‌మెంట్లలో పెద్ద సమస్య. శాక్సఫోన్ దిగ్గజం సానీ రోలిన్స్ అంతటివాడు 1959 నుంచి 1961 దాకా పక్కింటివాళ్ళకి ఇబ్బంది కాకుండా విలియమ్స్‌బర్గ్ వంతెన మీదకి వెళ్ళి గంటల తరబడి సాధన చేశాడు, 1962లో వచ్చిన ఆల్బమ్‌కి ఆ వంతెన గుర్తుగా "ది బ్రిడ్జ్" అనే పేరు పెట్టాడు. నేను మా కాంప్లెక్స్ పార్కింగ్‌లో కారులో కూర్చుని ఊదుతాను. శాక్సఫోన్ గట్టిగా ఊది నేర్చుకోవాల్సిన వాద్యం, గంట సాధన దొరికే చోటు ముందు వెతుక్కోండి, తర్వాత టీచర్‌ని వెతుక్కోండి.

డబ్బు, వీసా, చెవులు

నాలుగైదు నెలలు క్రమం తప్పకుండా ఒకే జామ్‌కి వెళ్తే ఎవరో ఒకరు చిన్న గిగ్‌కి, అంటే డబ్బిచ్చే కచేరీకి, పిలుస్తారు, రెస్టారెంట్లోనో పెళ్ళి విందులోనో. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మీరు హెచ్-1బీ మీద ఉంటే మీ కంపెనీ పని తప్ప ఇంకెవరి దగ్గరా డబ్బు తీసుకుని వాయించకూడదు, ఎఫ్-1 స్టూడెంట్లు కూడా అనుమతి లేకుండా బయట సంపాదించకూడదు. యాభై డాలర్లే కదా, టిప్పుల డబ్బాలో వాటానే కదా అనుకోవద్దు, చిన్న మొత్తమైనా అనుమతి లేని పనే. జామ్‌లో సరదాగా ఎక్కి వాయించడం వేరు, డబ్బుకి ఒప్పుకోవడం వేరు. కళాకారులకి వేరే వీసాలున్నాయి, ఏదైనా సందేహం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే ఒప్పుకోండి. గ్రీన్‌కార్డ్ వచ్చే వరకు నేను ఒక్క డాలర్ తీసుకోలేదు, పిలిచినవాళ్ళకి కారణం సూటిగా చెప్పాను, ఎవరూ తప్పుగా అనుకోలేదు, జామ్‌లో నా చోటు నాకుంది.

డబ్బు తీసుకోగలిగిన వాళ్ళకి మా నాన్న బ్యాండు నుంచి నేర్చుకున్నది ఒకటి చెప్తాను: బయానా లేకుండా తేదీ ఇవ్వొద్దు. తెనాలిలో ముహూర్తాల రోజుల్లో బయానా తీసుకోకుండా ఒప్పుకున్న పెళ్ళి వాళ్ళు చివరి రోజు ఇంకో బ్యాండుని పెట్టుకుంటే, ఆ రోజు పదహారు మందికి కూలి లేదు. ఇక్కడా అంతే. ఎన్ని గంటలకి రావాలి, ఎన్ని సెట్లు, భోజనం ఉందా, పార్కింగ్ ఎవరిది, డబ్బు ఆ రాత్రే ఇస్తారా, ఇవన్నీ ఫోన్లో మాట్లాడినా తర్వాత ఒక మెసేజ్‌గా రాసి పంపండి. నాకు ఒక చోట తలుపు దగ్గర వసూలైన దాంట్లో వాటా అన్నారు, నలుగురం మూడు గంటలు వాయించాక చేతికి తలా పద్దెనిమిది డాలర్లు వచ్చాయి, నా టోల్‌కీ పార్కింగ్‌కీ సరిపోలేదు. ముందు అడగకపోవడం వల్లే అలా జరిగింది. వాటా అంటే కనీసం ఇంత అని ఒక అంకె మాట్లాడుకోండి. రీడ్లు, రిపేర్లు, ప్రయాణం రసీదులన్నీ దాచుకోండి, పన్ను కట్టేటప్పుడు ఖర్చుగా చూపించుకోవచ్చు. ఎప్పుడైనా అద్దె కట్టలేని, వైద్యం చేయించుకోలేని స్థితిలో ఉన్న పెద్ద వయసు జాజ్ కళాకారులు మీకు తారసపడితే, జాజ్ ఫౌండేషన్ ఆఫ్ అమెరికా అని 1989 నుంచి ఒక సంస్థ ఉంది, వాళ్ళ సంగతి చెప్పండి. జీవితమంతా వాయించి పెన్షన్ లేకుండా మిగిలినవాళ్ళు ఈ నగరంలో ఉన్నారు, వాళ్ళ నుంచే మనం పాటలు నేర్చుకుంటున్నాం.

చెవులు. అమెరికా ప్రభుత్వ సంస్థ నియాష్ లెక్క ప్రకారం చెవులకి హద్దు 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు, ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే ఆ టైమ్ సగం, 100 దగ్గరికొచ్చేసరికి 15 నిమిషాలే. చిన్న నేలమాళిగలో డ్రమ్స్ పక్కన నిలబడితే ఆ దరిదాపులకి సులువుగా చేరతాం. సంగీతకారుల కోసం చేసిన ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి, అన్ని స్వరాల్నీ సమానంగా తగ్గిస్తాయి. పెట్టెలోనే ఉంచుకోండి. రాత్రి ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్‌మని మోగిందంటే ఆ రోజు ఎక్కువైందని అర్థం.

ఇంట్లోవాళ్ళ సంగతి కూడా రాయాలి. రాత్రి రెండింటికి వచ్చి పొద్దున్న ఏడింటికి లేస్తే ఆ వారమంతా అలసట ఇంటి మీద పడుతుంది. మేము ఇంట్లో కూర్చుని వారానికి ఒక్క ఆలస్యం రాత్రి అని మాట్లాడుకున్నాం, అది గురువారం, మిగతా రోజుల్లో ఎవరు పిలిచినా తొమ్మిదింటికల్లా అయిపోయేవే ఒప్పుకుంటాను. కొన్ని మంచి అవకాశాలు పోయాయి. పోనిచ్చాను.

జామ్ నుంచి వచ్చేటప్పుడు మీ పాట అవ్వగానే పెట్టె సర్దుకుని వెళ్ళిపోకండి, కనీసం ఇంకో నాలుగు పాటలు విని, మీకు వెనక వాయించిన ముగ్గురికీ విడివిడిగా థాంక్స్ చెప్పండి, పేర్లు గుర్తుంచుకోండి. ఫోన్ జేబులో పెట్టి రికార్డ్ చేసుకుని ఉంటారు కదా, ఆ రాత్రి వినొద్దు, మర్నాడు సాయంత్రం వినండి. ముందు వెనకవాళ్ళని వినండి, వేళ్ళ మీద ఆది తాళం వేస్తూ. ఏ ఆవర్తనంలో ఏ అక్షరం దగ్గర మీరు జారారో ఒక పుస్తకంలో రాసుకోండి, పాట పేరు, తేదీ, చోటు. నా పుస్తకంలో మొదటి పేజీ మీద "రెండో కోరస్, మూడో ఏ" అని ఉంది. తర్వాతి వారం వెళ్ళి అదే పాట అడిగాను. ఆ పెద్దాయనే బేస్ మీద ఉన్నాడు, బ్రిడ్జ్ వచ్చినప్పుడు ఈసారి ఏమీ అరవలేదు, తల ఊపాడు.